ఆరున్నొక్కటి

సుబేదారిలో జిరాక్సు షాపు మీద, రెండో అంతస్తులో రమాకాంత్ సారు లెక్కల క్లాసు నడుస్తుంటే కింద టీ కొట్టాయనకు కూడా కూడికలు వచ్చేసేవని చెప్పుకునేవాళ్ళు. గొంతు అంత పెద్దది. సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు బెంచీకి అయిదుగురు ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తనకు వచ్చిన విద్య మీద తనకే ముద్దు జాస్తి. ఆ ముద్దులో ముప్పాతిక వంతు ఒక్క సంఖ్య మీదే ఉండేది.

ఆ శనివారం పొద్దున్నుంచీ ముసురు. గదిలో తడి గొడుగుల వాసన. ట్యూబులైటు వెలుగు కూడా నీళ్ళల్లో నానినట్టుగా ఉంది. రమాకాంత్ బోర్డు తుడిచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకట్లు రాసుకుంటూ పోయాడు.

"చూడుండ్రి. పంతొమ్మిది ఒకట్లు. పదకొండు వేల కోట్ల కోట్ల పైచిలుకు. ఇంత లావు సంఖ్య కదా, దీన్లకు ఏ అంకె పోతదో చెప్పుండ్రి."

పిల్లలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆయనకు కావలసింది అదే.

"ఏదీ పోదు! రెండు ఒకట్లు రాస్తే పదకొండు, అది ప్రధాన సంఖ్య. మూడు ఒకట్లకు మూడు పోతది. నాలుగు ఒకట్లకు పదకొండు పోతది. ఐదు ఒకట్లకు నలభైయొకటి. ఆరు ఒకట్లకు ఏడు. ఇట్ల పద్దెనిమిది దాకా అన్నిట్లకు ఏదో ఒకటి దూరుతనే ఉంటది. పంతొమ్మిది కాడ మళ్ళ తలుపు బంద్. ఒకటి, అది, అంతే. ఇంకో అంకె దాని గడప తొక్కదు."

"ఏడు కూడ పోదా సార్?" అంది ముందు బెంచీలోని సుకన్య. మరిపెడ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల, ఏదీ ఊరికే ఒప్పుకోదు.

"ప్రతి ఆరు ఒకట్లకు ఏడు తెగుతది. ఆరుకు తెగుతది, పన్నెండుకు తెగుతది, పద్దెనిమిదికి తెగుతది. పంతొమ్మిదోది ఒంటరిగ మిగుల్తది. అందుకే శేషం ఒకటి. అనుమానముంటే వచ్చి చెయ్యి."

సుకన్య వచ్చి చేసింది. సుద్దముక్క టకటకా కొట్టుకుంటూ పోయి, చివర ఆగింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి మెల్లగా అంది, "సార్, పోయింది. శేషం సున్న."

క్లాసు కిసుక్కుమంది. రమాకాంత్ చూశాడు. భాగహారంలో తప్పు లేదు. ఒకట్లు లెక్కపెట్టాడు. పద్దెనిమిదే ఉన్నాయి. "అరే, ఒకటి తక్కువ రాసిన్నా? మీ సారు ముసలోడైతాండు," అని తనే నవ్వి, చివర ఇంకొక ఒకటి చేర్చాడు. "అందరు గట్టిగ లెక్కపెట్టుండ్రి." ఒక్కోదాని కింద వేలు పెట్టాడు.

"ఒకటి..." అన్నారు పిల్లలంతా.

ఆ గొంతుల అడుగున ఇంకో గొంతు ఉంది. ముసలి గొంతు. అది 'ఒకటి' అనలేదు.

"లాభం..." అంది.

రమాకాంత్ వేలు బోర్డు మీదే ఆగింది. పిల్లలు ఆగలేదు. రెండు, మూడు, నాలుగు. ఆ గొంతు వాళ్ళతోపాటే వస్తోంది, ఒక్కో మాట చివరా కాస్త ఈడుస్తూ, చేతిలో బరువున్నవాళ్ళు పలికినట్టు. అయిదు. ఆరు.

తర్వాతి మాట ఏమిటో రమాకాంత్‌కు తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ గొంతులో ఆ మాట విన్నవాడు. అందుకే దాని కోసం చెవి రిక్కించాడు...

"ఏడు," అంది ఆ గొంతు. వాక్యం ముగించినట్టు అంది. సరిగ్గా అతని మెడ వెనక.

గదిలోకి మిరపఘాటు కొట్టింది. మొదట సుకన్య దగ్గింది, ఆ తర్వాత అందరూ దగ్గారు. ఒకడు కిటికీ తెరిచి, "కింద ఎవడ్రా మిర్చి తాలింపేస్తున్నది?" అని అరిచాడు. కింద జిరాక్సు షాపు తప్ప వంట చేసేవాళ్ళే లేరు. కళ్ళు తుడుచుకుంటూ బోర్డు చూసిన సుకన్య, "సార్... మళ్ళ పద్దెనిమిదే ఉన్నయి," అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. రమాకాంత్ బోర్డు తుడిచేసి, ఒంట్లో బాగాలేదని క్లాసు వదిలేశాడు. మెట్లు దిగుతుంటే చెవులు వేడెక్కాయి. భయం కన్నా ముందు సిగ్గు వచ్చింది ఆయనకు. ఎందుకో చెప్పాలంటే మొగిలమ్మ సంగతి చెప్పాలి.

మొగిలమ్మ అతని మేనత్త. తల్లి లేని పిల్లవాణ్ణి తెచ్చి పెంచింది. ఎనుమాముల మార్కెట్‌లో ఎండకాలమంతా మిరపకాయల తొడిమెలు తీసేది, మిగతా రోజుల్లో వాడకట్టులో ఎవరింట్లో గింజలు కొలవాలన్నా మానిక పట్టుకుని పోయేది. రమాకాంత్‌కు అంకెలు నేర్పింది బడి కాదు, ఆ మానికే. మొదటి మానికకు 'ఒకటి' అనకూడదు, 'లాభం' అనాలి. ఏడో మానికకు 'ఏడు' అసలే అనకూడదు. 'ఆరున్నొక్కటి' అనాలి. చిన్నప్పుడు ఓసారి "ఏడు!" అని అరిచినందుకు వీపు మీద చరుపు ఒకటి పడింది. "ఇంట్ల ఏడుపు తెస్తవార కాంతూ? ఆ మాట నోట్లకెల్లి రావద్దు," అంది. వారంలో ఏడు రోజులని చెప్పాల్సి వచ్చినా ఆరున్నొక్క రోజులనే అన్న మనిషి ఆవిడ. పోయేదాకా ఆ మాట పలకలేదు.

పోయి పన్నెండు రోజులైంది. నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు. ఎనుమాములలో ఆమె గది ముందు కుర్చీలు వేశారు, డప్పులొచ్చాయి, ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని శోకాలు పెట్టారు. రమాకాంత్ భార్య లావణ్యకు నెలలు నిండి ఉన్నాయి కాబట్టి అతను పాడె మోయకూడదన్నారు, నిప్పు పట్టుకోకూడదన్నారు. మొగిలమ్మ మరిది కొడుకు కట్టయ్య ఆ పనులు చేశాడు. ఇక రమాకాంత్‌కు మిగిలిన పని ఒక్కటే. ఏడవడం.

అది రాలేదు.

ప్రేమ లేక కాదు. గుండెలో ఏదో బండ కూర్చున్నట్టే ఉంది. కన్ను మాత్రం తడవలేదు. ఏడుపు పిలిస్తే వచ్చే చుట్టమా? ఆడవాళ్ళు శోకం మధ్యలో తలెత్తి చూస్తున్నారు. "చేసి పెట్టిన చేతులయ్యా, చూడు," అని ఒకావిడ అననే అంది. ఇంకొకావిడ, "పెద్ద సార్లు గద, ఏడిస్తే పరువు పోతది," అంది, వినపడేట్టే. రమాకాంత్ తట్టుకోలేక గదిలోపలికి పోయాడు. గోడకు మొగిలమ్మ తొడిమెలు తీస్తూ కింద పరుచుకునే గోనెపట్టా వేలాడుతోంది. ఏళ్ళ తరబడి మిరపపొడి పీల్చి ఎర్రగా మారిన పట్టా. దాన్ని పిడికిట్లో గట్టిగా నలిపి, ఆ వేళ్ళతో రెండు కళ్ళూ రుద్దుకున్నాడు.

బయటకు వచ్చేసరికి ధారలు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు, అది నిజంగా మంట వల్లే. ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. కట్టయ్య వచ్చి భుజం పట్టుకుని, "ఊకో బావా, నువ్వే గిట్లయితే ఎట్ల," అన్నాడు. అందరి మనసులూ కరిగాయి. దొంగ ఏడుపని ఎవరికీ తెలియలేదు. చచ్చిన మనిషికి తప్ప.

ఆ సాయంత్రం రమాకాంత్ ఇంటికి పోయేసరికి లావణ్య బాసింపట్టు వేసుకుని మంచం మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది. తొలి కాన్పు. రెండుసార్లు నిలవక పోయి, మూడోసారి నిలిచిన కడుపు. తల్లి రమ వచ్చి తోడు ఉంది. డాక్టరమ్మ ఇచ్చిన తేదీ ఎల్లుండి.

"మొఖం గట్లున్నదేంది? అత్తమ్మ యాదికొచ్చిందా?" అంది లావణ్య.

"ఊఁ."

"నాక్కూడ యాదికొస్తాంది. కాన్పుకు నేనే ఉంటనన్నది కదా పాపం. బిడ్డ పుట్టంగనే ఏడ్వాలె, మనిషి పోంగనే ఇంటోళ్లు ఏడ్వాలె అనేది. పోయినోళ్లకు ఏడ్వకపోతే ఆ ఏడుపు ఇంట్ల ఉన్న పసిదాని మీదికి పోతదట. తీస్కపోనన్న పోతదట, లేకుంటే..." లావణ్య కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "మనకా ఫికర్ లేదు. మీరు ఏడ్చిన ఏడుపు ఎవరేడుస్తరు? మా అమ్మ ఇప్పటికీ చెప్తది, ఇంత చదివినా మా అల్లునికి ఎంత మనసున్నదో అని."

రమాకాంత్ స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. నల్లా తిప్పాడు, చప్పుడు వినపడకుండా. ఫోనులో మొగిలమ్మ ఫొటో తీసి ఎదురుగా పెట్టుకున్నాడు. జ్వరమొచ్చిన రాత్రులు తలచుకున్నాడు, ఆమె తన పళ్ళెంలోంచి తీసి అతని పళ్ళెంలో వేసిన మాంసం ముక్కలు తలచుకున్నాడు. ముఖం వంకరపెట్టి "ఊఁ... ఊఁ..." అన్నాడు. అద్దంలో చూసుకుంటే పరమ అసహ్యంగా కనపడింది. ఒక్క చుక్క లేదు. నల్లా కట్టేసి, తుండుగుడ్డతో పొడి కళ్ళనే తుడుచుకుని బయటికొచ్చాడు. చెప్పుకుంటే సిగ్గు, చెప్పకపోతే ప్రాణం. నోరు తెరిచాడు కూడా. లావణ్య అతని ఎర్రటి ముఖం చూసి, "మళ్ళ ఏడ్చిండ్రా? ఊకోండ్రి," అంది. ఇంకేం చెప్తాడు?

మర్నాడు ఆదివారం. మొగిలమ్మ గది ఖాళీ చేసి తాళం ఇవ్వమని ఇంటి యజమాని ఫోన్ చేశాడు. లావణ్య పంపకూడదనుకుంది గానీ, "మధ్యాహ్నమే కద, గంటలో వస్తరు," అని రమ సర్దిచెప్పింది.

ఆదివారం ఎనుమాముల మార్కెట్ చూశారా? మామూలు రోజుల్లో మనిషి సందులేని చోటు. ఆ రోజు షెడ్ల కింద కుక్కలు తప్ప ఏమీ లేవు. మబ్బు వల్ల మూడు గంటలకే సందెవేళ లాగుంది. తడిసిన నేల నుంచి పాత మిర్చిఘాటు పైకి లేస్తోంది. మార్కెట్ వెనక సందులో, మొగిలమ్మ గది పక్క గదిలో హలీమాబీ ఉంటుంది. ఇద్దరూ ముప్పయ్యేళ్ళు ఒకే షెడ్డు కింద పక్కపక్కన కూర్చుని తొడిమెలు తీసినవాళ్ళు. తాళంచెవి ఆమె దగ్గరుంది.

తాళంచెవి ఇచ్చి కూడా ఆమె వేళ్ళు వదలలేదు.

"బేటా, ఒక మాట. ఆ రోజు గోనెపట్టా కాడ నేను నిన్ను చూసిన."

రమాకాంత్ తల వాలిపోయింది. నేల మీద తన చెప్పులు తప్ప ఏమీ కనపడలేదు.

"తిడతలేను బేటా. నాకు, మీ అత్తకు దినాం కండ్లల్ల నీళ్లే. ఇంటికి పోయినంక కూడ కారుతుండె. మిర్చికి వచ్చిన నీళ్లను మేం ఏడుపనం." ఆమె గొంతు తగ్గించింది. "జర జల్దీ సదురుకొని పో. నాలుగు రోజులాయె, లోపట కొలుస్తున్న చప్పుడొస్తాంది. ఎలుకలేమో అనుకుంటున్న."

తలుపు తీస్తే లోపలి నుంచి గప్పున వాసన కొట్టింది. మిర్చి, పాత బియ్యం, అగరొత్తుల బూడిద. కిటికీ లేని గది. స్విచ్చి వేస్తే బల్బు ఒకసారి కళ్ళు తెరిచి మూసుకుంది. రమాకాంత్ ఫోను లైటు వేశాడు. మూలన మక్కజొన్నల సంచి. దాని పక్కన ఇనుప మానిక. గోడకు గోనెపట్టా. అంతే సామాను. చీరల మూట కట్టడానికి వంగాడు.

వెనక జరజరా గింజలు పోసిన చప్పుడు.

ఎలుకలు... ఎలుకలే...

"లాభం."

మూట జారిపోయింది. గది వాకిలి నాలుగడుగుల దూరం. కాళ్ళు ఆ నాలుగడుగులు వేయనన్నాయి.

మళ్ళీ జరజరా. "రెండు..."

ఫోను లైటు అటు తిప్పడానికి ధైర్యం చాలలేదు. లైటు గోడ మీదే ఉంది. గోడ మీద నీడలు లేవు. చప్పుడు మాత్రం వస్తోంది. గింజలు పోసే చప్పుడు, అంచు మీద అరచేత్తో రాసి చదును చేసే చప్పుడు. మొగిలమ్మ ఎప్పుడూ అలాగే చేసేది. మూడు... నాలుగు... అయిదు... ఘాటు ముక్కులోంచి తలలోకి ఎక్కుతోంది.

"ఆరు..."

చప్పుడాగింది. ఎదురుచూస్తున్నట్టు ఆగింది. రమాకాంత్‌కు తెలియకుండానే నోరు తెరుచుకుంది. చిన్నపిల్లవాడి గొంతుతో, "ఆరున్నొక్కటి, అత్తా," అన్నాడు.

"ఏడు."

చెవి పక్కనే. ఊపిరి తగిలింది. చెవి తమ్మె మండింది.

భయంలో మనిషికి అలవాటే నోటికొస్తుంది. లెక్కల సారు కదా. "ఏడు పోదత్తా... ఒకటి మిగుల్తది..." అని గొణిగాడు.

 ఆ గొంతు మెల్లగా, ప్రేమగానే అంది:

"మిగిలింది కొసరు. కొసరు కొలిచినోళ్లది కద కాంతూ."

కొలవడం అయ్యాక మానికకు చాలకుండా అడుగున మిగిలిన గింజల్ని కొలిచినవాళ్ళ కొంగులో పోస్తారు. ఆ కొసరుతోనే తనను పెంచింది మొగిలమ్మ. ఆ మాట అతనికి అర్థమవుతుండగానే చేతిలో ఫోను మోగింది. అత్తగారు.

"అల్లుడా, లావణ్యకు నొప్పులు మొదలైనయి. ఉమ్మనీరు పోయింది. ఆటోల దవాఖానకు పోతున్నం. జల్దీ రా!"

అప్పుడు వెలిగింది ఆయనకు. ఇన్ని రోజులూ లెక్కల సారు చెవితో విన్నాడు. జన్మలో ఆ అంకె పలకని మనిషి ఆ అంకె ఎందుకు పలుకుతుంది? ఆమె ఏడో అంకె చెప్పడం లేదు. ఏడవమంటోంది. ఏడు, బిడ్డా. ఏడు.

మోకాళ్ళ మీద పడ్డాడు. "ఏడుస్తనత్తా, ఏడుస్త... నా బిడ్డను ముట్టకు..." అన్నాడు. రెప్పలు గట్టిగా మూశాడు. గుండె మీద గుద్దుకున్నాడు. ప్రాణభయం ఉంది, పుట్టబోయే బిడ్డ మీద ప్రేమ ఉంది, పెంచిన తల్లి పక్కనే నిలబడి ఉంది. కళ్ళు మాత్రం ఎండిన బావులే. ఒక్క చుక్క... ఒక్క చుక్క చాలు... రాలేదు.

తర్వాత అతను చేసిన పని చెప్పడానికి నాకే నామోషీగా ఉంది. కళ్ళు తెరిచి, మొదట వాకిలి వైపు చూశాడు, హలీమాబీ చూస్తోందేమోనని. లేదు. చెయ్యి దానంతటదే గోడ మీదికి పోయింది. గోనెపట్టా పిడికిలికి అందింది. నలిపాడు. రుద్దుకున్నాడు.

నీళ్ళు బొటబొటా కారాయి. "చూడత్తా... ఏడుస్తున్న... చూడు..."

 కాసేపటికి మూలన 'ఠక్' మంది. మానిక బోర్లించిన చప్పుడు. కొలత అయిపోయిందని చెప్పడానికి మొగిలమ్మ అలాగే బోర్లించేది.

బయట హలీమాబీ వాకిట్లో నిలబడి ఉంది. అతని కళ్ళు చూసింది, వేళ్ళు చూసింది.  ముఖం పక్కకు తిప్పుకుని, చీర కొంగు నెత్తి మీదికి లాక్కుంది. అంతకన్నా చెప్పుతో కొట్టినా బాగుండేది.

దవాఖానలో లావణ్యను అప్పటికే లోపలికి తీసుకుపోయారు. బయట బెంచీ మీద రమ వేళ్ళు విరుచుకుంటూ కూర్చుంది. రమాకాంత్ చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. కళ్ళ మంట తగ్గలేదు. లోపల లావణ్య అరుపులు, నర్సమ్మ అదిలింపులు. గంట గడిచిందో, ఎంత గడిచిందో. లావణ్య ఒక్క కేక పెట్టింది. ఆ తర్వాత అంతా ఆగిపోయింది.

"అయింది," అంది రమ లేచి. చెవి తలుపుకు ఆనించింది. ఆమె ముఖంలో నవ్వు అలాగే నిలబడి, మెల్లగా పోయింది. "ఏడుస్తలేదేంది?"

రమాకాంత్ జేబులో ఫోను గుర్రుమంది. ఎందుకు తీశాడో తెలియదు. సుకన్య పంపిన మెసేజ్.

'సార్, సారీ. నిన్నటి లెక్క మళ్ళ చేసిన. పంతొమ్మిది ఒకట్లు నేనే రాసి, మా రూంమేట్‌తోని కూడ లెక్కపెట్టించిన. మీరు చెప్పినట్లు పొద్దున దాకా ఒకటి మిగిలింది. ఇప్పుడు ఏడు పోతాంది సార్. శేషం సున్న. మిగిలిన ఒకటి ఏమైంది సార్?'

లోపల చెప్పులు పరుగెత్తాయి. ఏదో ఇనుప గిన్నె కింద పడింది. అరచేత్తో చిన్న ఒంటి మీద తట్టిన చప్పుడు. నర్సమ్మ గొంతు, "ఏడు... ఏడు బిడ్డా..." మళ్ళీ తట్టిన చప్పుడు. "ఏడు తల్లీ... ఏడు..."

రెండు గొంతులున్నాయి. రమకు వినపడిందో లేదో. నర్సమ్మ గొంతు ఆగినప్పుడు కూడా అడుగున ఇంకొకటి ఆగకుండా అంటూనే ఉంది, మాట చివర కాస్త ఈడుస్తూ.

"ఏడు..."

రమాకాంత్ గోడకు నుదురు ఆనించాడు. ఇప్పుడు ఏడ్చాడా? కళ్ళు కారుతున్నమాట నిజం. భుజాలు ఎగిరెగిరి పడుతున్నమాట నిజం. ఆ కారేవి మిర్చి నీళ్ళో, తన నీళ్ళో అతనికే తెలియలేదు. అది కూడా తెలియని మనిషినైపోయానని సిగ్గుతో చచ్చిపోయాడు. రమ వచ్చి అతని వీపు నిమిరింది. "ఏడ్వకు అల్లుడా, ఏడ్వకు, నీ అసొంటి మనసున్నోనికి దేవుడు అన్యాయం చెయ్యడు," అంది. ఆ మాటకు అతని నోట్లోంచి గొర్రె అరిచినట్టు ఒక అరుపు వచ్చింది.

సరిగ్గా అప్పుడే లోపల కేర్‌మంది.

పెద్ద ఏడుపు. దవాఖాన దద్దరిల్లే ఏడుపు. రమ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. రమాకాంత్ నేల మీద కూలబడి, "అత్తా, అత్తా," అని మాత్రం అన్నాడు. ఏ అత్తను పిలిచాడో రమకు తెలియక, "ఇగో, ఇక్కడనే ఉన్న బిడ్డా," అంది.

కాసేపటికి నర్సమ్మ తెల్లగుడ్డలో చుట్టి తీసుకొచ్చింది. "ఆడపిల్ల. జర భయపెట్టింది గని మంచిగున్నది. తల్లి కూడ మంచిగున్నది." తెరిచి ఉన్న తలుపులోంచి లావణ్య కనపడింది. జుట్టు ముఖానికి అంటుకుపోయి, నీరసంగా నవ్వుతోంది. అతని ఎర్రటి కళ్ళు చూసి, "ఇంకా ఏడుస్తున్నరా? ఊకోండ్రి, బిడ్డ వచ్చింది కదా," అంది.

బిడ్డ మాత్రం ఊకోలేదు. ఏడుస్తూనే ఉంది.

"విచిత్రం సార్," అంది నర్సమ్మ. "పుట్టిన పిల్లలు ఏడుస్తరు గని కన్నీళ్లు రావు. కొన్ని వారాలు పోవాలె. ఈమెకు చూడుండ్రి, ఎట్ల కారుతున్నయో."

నిజమే. రెండు కళ్ళ నుంచీ ధారలు. చెంపలు నిగనిగలాడుతున్నాయి. రమ మురిసిపోతూ వంగి, ఆ తడి చెంప మీద ముద్దు పెట్టింది.

వెంటనే తల వెనక్కి లాక్కుంది. పెదవులు తడుముకుంది. నాలుకతో చూసుకుంది.

"ఇదేంది... కారం!" అంది. "కారం తగుల్తాంది... నర్సమ్మా, మిర్చి ముట్టిన చేతులతోని ఎవరన్న బిడ్డను పట్టుకున్నరా?"

"లేదమ్మా. నేను తప్ప ఇంకా ఎవ్వరు ముట్టలే. మొదలు మీకే ఇస్తున్న."

రమ బిడ్డను అందుకుని అల్లుడి వైపు తిరిగింది. "నువ్వు పట్టుకో అల్లుడా, నీ బిడ్డ," అని గుడ్డమూట ముందుకు చాపింది.

రమాకాంత్ రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. బిడ్డ అతని వైపే చూస్తూ ఏడుస్తోంది.